పెండ్లినాటి ఫంక్షన్ హాల్ ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది? కంప్యూటర్‌లో జనాన్ని నడిపించి చూసే పద్ధతి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, ఏ ఊరి బైపాస్ మీద చూసినా ఫంక్షన్ హాళ్లే. అనుమతికి పెట్టిన ప్లాన్‌లో నాలుగు తలుపులుంటాయి. మాఘమాసంలో ముహూర్తం వేళకు పోయి చూస్తే రెండు తలుపులు డెకరేషన్ బట్ట వెనక దాగి ఉంటాయి. ఒకదాని ముందు టెంట్‌హౌస్ కుర్చీలు పేర్చి ఉంటాయి. పెద్ద తలుపుకు ఒక రెక్క గొళ్లెం వేసి ఉంటుంది. కంప్యూటర్‌లో నడిపించాల్సింది ఈ హాల్‌ను, ప్లాన్ కాగితం మీదున్న హాల్‌ను కాదు. ఈ ఒక్క విషయం తప్పితే మిగతా లెక్కలన్నీ సరిగ్గా చేసినా జవాబు తప్పే.

1995 డిసెంబర్ 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక పెండ్లి మండపంలో బడి వార్షికోత్సవం జరుగుతుండగా షామియానాకు నిప్పంటుకుంది. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలే ఎక్కువ. బయటికి దారి ఒక్కటే ఉండింది. మన హాళ్లలోనూ గుడ్డ, థర్మకోల్, ప్లాస్టిక్ పూలు, తాత్కాలిక కరెంటు తీగలు అన్నీ ఒకచోటే ఉంటాయి. కాబట్టి ఈ పని సివిల్ విద్యార్థుల ప్రాజెక్టుతో ఆగకూడదు. హాల్ యజమాని, ఇంజినీరు కూడా కూర్చొని చేయాల్సిందే.

ముందు టేపు పట్టుకొని హాల్‌కు పోవాలి

మన మేస్త్రీల కొలతలు ఫీట్లు, అంగుళాల్లో ఉంటాయి, సాఫ్ట్‌వేర్‌కు మీటర్లు కావాలి. ఒక ఫీటు 0.3048 మీటర్లు. చౌకట్టు వెడల్పు రాసుకుంటే చాలదు. తలుపు పూర్తిగా తెరిచాక రెక్క మందం, హ్యాండిల్, గోడకు ఆనుకోకుండా ఆగిన రెక్క అన్నీ పోగా మనిషి పట్టే ఖాళీ వెడల్పును కొలవండి. 8 ఫీట్ల చౌకట్టు 2.44 మీటర్లు, కానీ ఖాళీ వెడల్పు 2.3 దగ్గరే ఆగుతుంది. ఒక రెక్కే తెరిచి ఉంటే 1.1 మిగులుతుంది.

ప్రతి తలుపు గురించి ఇవి రాసుకోండి: ఖాళీ వెడల్పు, రెక్క లోపలికి తెరుచుకుంటుందా బయటికా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఫంక్షన్ రోజున నిజంగా తెరుస్తారా, బయట ఏముంది. చివరిది చాలామంది వదిలేస్తారు. పక్క తలుపు తెరిస్తే జనరేటర్, దాని పక్కన గ్యాస్ సిలిండర్లు, ఆ తర్వాత ప్రహరీ గోడ ఉంటే అది బయటికి దారి కాదు. షట్టర్ గానీ చానల్ గేటు గానీ ఉంటే, అది సగం లాగి ఉన్నప్పటి వెడల్పు వేరుగా కొలవండి. ఏసీ వేసే రోజుల్లో పక్క తలుపులు మూసే ఉంటాయని గుర్తుంచుకోండి.

తర్వాత స్టేజీ, భోజనాల కౌంటర్లు, స్తంభాలు, సోఫాలు, కుర్చీల వరుసలు, వరుసల మధ్య సందు. వీలైతే పెండ్లివారిని అడిగి, ముహూర్తం అయ్యాక జనం భోజనాల వైపు కదిలే పది నిమిషాలు తలుపుపై నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. మొహాలు అక్కర్లేదు, తలలు లెక్కపెడితే చాలు, లెక్క కాగానే వీడియో తుడిపేయండి. ఇందులో రెండు దొరుకుతాయి. ఒకటి, రద్దీలో ఆ తలుపు గుండా సెకనుకు ఎందరు పోతున్నారు. రెండు, ఎవరు ఏ తలుపు వైపు మొగ్గుతున్నారు. ఈ రెండో అంకెను మించిన అంకె ఈ పనిలో లేదు.

కంప్యూటర్ తెరవకముందు చేతి లెక్క

అగ్నిభద్రతా ఇంజినీర్ల సంఘం ఎస్‌ఎఫ్‌పీఈ ఇచ్చిన పద్ధతిలో తలుపుకు రెండు వైపులా 0.15 మీటర్ల చొప్పున తీసేస్తారు, మనిషి గోడను రాసుకుంటూ పోడు కాబట్టి. మిగిలిన వెడల్పులో మీటరుకు సెకనుకు గరిష్ఠంగా 1.3 మంది దాటుతారని లెక్క.

ఉదాహరణకు 100 ఫీట్లు పొడవు, 65 ఫీట్లు వెడల్పు హాల్, 600 మంది. ఖాళీ వెడల్పులు: పెద్ద తలుపు 2.3 మీటర్లు, పక్క తలుపులు రెండూ 1.4 చొప్పున, వంటశాల తలుపు 0.9. గోడవారలు తీసేస్తే 2.0, 1.1, 1.1, 0.6. సెకనుకు మనుషులుగా చూస్తే 2.6, 1.43, 1.43, 0.78. మొత్తం 6.24. అంటే 600 మందికి సుమారు 96 సెకన్లు.

వినడానికి బాగుంది. కానీ వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోతారు, పక్క తలుపు కనిపిస్తున్నా సరే. 70 శాతం మంది, అంటే 420 మంది, పెద్ద తలుపు వైపే పోతే దానికొక్కదానికే 162 సెకన్లు. ఆ తలుపుకు ఒక రెక్క మూసి ఉంటే గోడవారలు పోగా 0.8 మీటర్లే మిగులుతుంది, సెకనుకు 1.04 మంది, అదే 420 మందికి 404 సెకన్లు. ఒక గొళ్లెం వల్ల రెండు నిమిషాల నలభై రెండు సెకన్ల పని ఆరు నిమిషాల నలభై నాలుగు సెకన్లైంది. మిగతా 180 మంది ఇతర తలుపుల గుండా సుమారు 50 సెకన్లలో పోతారు. అంటే ఆ తలుపులు ఐదారు నిమిషాలు ఖాళీగా పడి ఉంటాయి.

ఇన్ని అంకెలు చేతిలో ఉన్నాక సిమ్యులేషన్, అంటే కంప్యూటర్‌లో జనాన్ని నడిపించి చూడటం, ఎందుకు? చేతి లెక్కకు తలుపు దగ్గర గుంపు ఎంత దట్టంగా తయారవుతుందో తెలియదు. కుర్చీల సందుల్లోంచి వచ్చేవాళ్లు, స్టేజీ దగ్గరి నుంచి వచ్చేవాళ్లు ఎక్కడ కలిసి ఇరుక్కుంటారో తెలియదు. కౌంటర్‌ను రెండు మీటర్లు జరిపితే ఏమవుతుందో చెప్పలేదు. అయినా కంప్యూటర్ ఇచ్చే జవాబు చేతి లెక్కకు సగం గానీ రెండింతలు గానీ వస్తే, ముందు అనుమానించాల్సింది కంప్యూటర్‌లో మీరు పెట్టినదాన్నే.

ఎందరిని పెట్టాలి? జాతీయ భవన నిర్మాణ సంహిత 2016 నాలుగో భాగం ప్రకారం స్థిరమైన సీట్లు లేని సభాస్థలంలో జనం దట్టంగా ఉంటే మనిషికి 0.65 చదరపు మీటర్లు, పలుచగా ఉంటే 1.4. దాదాపు 600 చదరపు మీటర్ల హాల్‌కు ఇవి సుమారు 920, 430 మంది అవుతాయి. వేసిన కుర్చీల సంఖ్యతో ఒకసారి, 900తో ఒకసారి నడపండి. తలంబ్రాల వేళ కూర్చున్నవాళ్లతో సమానంగా నిలబడ్డవాళ్లుంటారు. అదే సంహిత సభాభవనాల్లో బయటి దారికి నడవాల్సిన దూరం 30 మీటర్లు మించకూడదంటుంది. మూసిన తలుపులు తీసేసి ఆ దూరం మళ్లీ కొలవండి.

సాఫ్ట్‌వేర్, హాల్ గీత

డబ్బు పెట్టి కొనేవాటిలో పాత్‌ఫైండర్ ఎక్కువ వాడుకలో ఉంది. ఉచితంగా కావాలంటే జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రం తయారుచేసిన జూపెడ్‌సిమ్, మ్యూనిక్‌లో తయారైన వాడేరే ఉన్నాయి. కింద చెప్పేది జూపెడ్‌సిమ్ గురించి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వేసుకొని, దానితో వచ్చే పిప్ అనే సాధనంతో జూపెడ్‌సిమ్, ఆకారాలు గీయడానికి షేప్లీ, ఫలితాలు చదవడానికి పెడ్‌పై వేసుకుంటే చాలు. ఐదారు వందల మందికి మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

నడిచే చోటంతా ఒకే బహుభుజిగా, ఎక్కడా తెగకుండా ఉండాలి. స్తంభాలు, స్టేజీ, కౌంటర్లు అందులో రంధ్రాలు. ఒక మూలను సున్నా, సున్నాగా పెట్టుకొని మూలల కొలతలు చేత్తో రాయడమే మేలు. క్యాడ్ ఫైలు నుంచి తెచ్చుకుంటే మిల్లీమీటర్లు మీటర్లుగా దిగిపోయి హాల్ 30 కిలోమీటర్లవుతుంది, మనుషులు గంటలు నడిచినా తలుపు చేరరు. గీత గీయగానే విస్తీర్ణం అడిగి చూడండి. 600 దగ్గర రాకపోతే ముందుకు పోవద్దు.

ప్రతి కుర్చీనీ గీయవద్దు. వరుసకు ఒక సన్నని దీర్ఘచతురస్రం చాలు. మనిషి ఒక వృత్తం, వ్యాసార్థం మామూలుగా 0.2 మీటర్లు. కాబట్టి రెండు అడ్డంకుల మధ్య 0.4 కంటే తక్కువ సందు ఉంటే ఎవరూ దూరలేరు. అక్కడ పెట్టిన మనిషి చివరిదాకా అక్కడే ఉంటాడు, సిమ్యులేషన్ ముగియదు. నిజంలో ప్లాస్టిక్ కుర్చీలు పక్కకు జరుగుతాయి, పడిపోయి కాళ్లకు అడ్డం కూడా పడతాయి. ఈ మోడల్‌కు ఈ రెండూ తెలియవు. అందుకే కుర్చీలతో ఒకసారి, కుర్చీలు లేకుండా ఒకసారి నడిపి ఆ రెండింటి మధ్య తేడాను దగ్గర పెట్టుకోండి.

నిష్క్రమణ స్థలాన్ని తలుపు గడప మీద పెట్టడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. గడప తాకగానే మనిషి మాయమైతే వెనకవాడికి దారి ఎప్పుడూ ఖాళీయే, తలుపు నిజానికి మించి పనిచేస్తుంది. నిజంలో జనం బయటికి రాగానే ఆగుతారు, పిల్లల కోసం వెనక్కి చూస్తారు, ఎదురుగా బైకులుంటాయి. తలుపు బయట ఐదు నుంచి పది మీటర్ల ఆవరణ గీసి, బైకులను, ప్రవేశద్వారం దగ్గర కట్టిన కమాన్ కాళ్లను అడ్డంకులుగా పెట్టి, దాని అవతల నిష్క్రమణ పెట్టండి.

మనుషులు, వేగాలు

ఖాళీ దారిలో నడక వేగానికి వైడ్‌మాన్ అనే పరిశోధకుడు 1993లో ఇచ్చిన అంకెలే ఇప్పటికీ ఎక్కువమంది వాడతారు: సగటు సెకనుకు 1.34 మీటర్లు, ప్రామాణిక విచలనం 0.26. జూపెడ్‌సిమ్ తనంతట తాను అందరికీ 1.2 పెడుతుంది. అందరికీ ఒకే వేగం ఉంచవద్దు, అలా ఉంచితే సైన్యం కవాతులా జనం ఒకేసారి తలుపు చేరతారు. పెండ్లిలో ముసలివాళ్లు, చంకన పిల్లలున్న తల్లులు ఎక్కువ. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడల నుంచి జనాన్ని ఖాళీ చేయించే లెక్కకు 50 దాటిన ఆడవాళ్లకు 0.56 నుంచి 0.94, మగవాళ్లకు 0.84 నుంచి 1.4 వేగాలు ఇచ్చింది. మనకు సొంత కొలతలు లేనప్పుడు ఇవి వాడవచ్చు.

కుటుంబాలు విడిపోవు. మోడల్‌లో గుంపుగా నడిచే గుణం లేకపోయినా, నలుగురికి ఒకే తలుపు ఇచ్చి, నలుగురికీ వాళ్లలో తక్కువ వేగమే ఇస్తే నిజానికి దగ్గరగా వస్తుంది. ఇది చేయగానే మొత్తం సమయం పెరగడం చూస్తారు. సరైనది ఆ పెరిగిన అంకెనే.

కదలడం మొదలుపెట్టే ఆలస్యం మరొకటి. డీజే మోగుతుంటే అలారం ఎవరికీ వినపడదు, పొగ కనపడినా హోమం పొగ అనుకుంటారు. ప్రతి మనిషికీ ఒక ఆలస్యం ఇచ్చి అంతదాకా వేగం సున్నాగా ఉంచండి. ఆగి ఉన్న మనిషి వెనకవాడికి అడ్డం కాబట్టి, చివర్లో ఆలస్యాన్ని కూడేయడం కంటే ఇది మంచి పద్ధతి. ఆలస్యాలు లాగ్-నార్మల్ పంపకంలో వస్తాయి, కొందరు వెంటనే లేస్తారు, కొందరు చాలాసేపు కూర్చుంటారు. కొలత లేనప్పుడు మధ్య విలువ 60 సెకన్లతో ఒకసారి, 180తో ఒకసారి నడపండి. అవి ఊహలని నివేదికలో స్పష్టంగా రాయండి.

మనుషులను హాల్‌లో చల్లేటప్పుడు ఇద్దరి మధ్య కనీసం 0.4, గోడకు 0.2 మీటర్ల దూరం ఇవ్వాలి. స్టేజీ ముందు భాగాన్ని వేరే ముక్కగా తీసుకొని అక్కడ ఎక్కువ మందిని పెట్టండి. ముక్కలో పట్టనంత మందిని అడిగితే ప్రోగ్రాం తప్పు చూపి ఆగుతుంది. అప్పుడు దూరం తగ్గించకుండా, మీ సంఖ్య నిజమేనా అని చూడండి.

ఎవరు ఏ తలుపుకు

జూపెడ్‌సిమ్‌లో ప్రతి మనిషికీ ఒక ప్రయాణం ఇవ్వాలి. మీరు చెప్పిన తలుపుకే వాడు పోతాడు. పక్క తలుపు ఖాళీగా ఉన్నా, నియమం రాసిపెడితే తప్ప, తనంతట తాను మనసు మార్చుకోడు. కాబట్టి తుది సమయాన్ని చాలా వరకు నిర్ణయించేది ఈ పంపకమే. అందరినీ దగ్గరి తలుపుకు పంపితే అందమైన, అబద్ధపు అంకె వస్తుంది.

కనీసం ఈ ఐదు నడపండి. అన్ని తలుపులూ తెరిచి, అందరూ దగ్గరి తలుపుకు. అన్నీ తెరిచి, వీడియోలో చూసిన పంపకం ప్రకారం, అది లేకపోతే 70 శాతం పెద్ద తలుపుకు. అదే పంపకం, పెద్ద తలుపుకు ఒక రెక్క మూసి. పక్క తలుపులు రెండూ మూసి. చివరిది పెద్ద తలుపే పనికిరాకుండా: కమాన్ దగ్గరే నిప్పంటుకుంటే ఇదే జరుగుతుంది, అందరూ వెనక్కి తిరగాలి. ఈ ఐదోది నడపనిదే నివేదిక ఇవ్వకండి.

నమ్మే ముందు రెండు పరీక్షలు

అసలు హాల్ జోలికి పోకముందు సముద్రయాన సంస్థ మార్గదర్శకాల్లోని రెండు చిన్న పరీక్షలు చేయండి. 2 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు నడవాలో సెకనుకు 1 మీటరు వేగంతో ఒక మనిషిని నడిపిస్తే 40 సెకన్లు పట్టాలి. 8 మీటర్లు, 5 మీటర్ల గదిలో 100 మందిని పెట్టి, 5 మీటర్ల గోడ మధ్యలో 1 మీటరు తలుపు పెడితే సెకనుకు 1.33 మంది మించి దాటకూడదు, అంటే 75 సెకన్ల కంటే ముందు ఖాళీ కాకూడదు. ముందే ఖాళీ అయితే టైమ్ గ్యాప్, అంటే ముందువాడికీ వెనకవాడికీ మధ్య ఉండే వ్యవధి, పెంచండి, ప్రవాహం తగ్గుతుంది. మొదలయ్యేటప్పుడు అది 1 సెకను ఉంటుంది. భోజనాల తలుపు దగ్గర మీరు లెక్కపెట్టిన అంకె ఉంటే, దానికి సరిపోయేదాకా ఈ ఒక్క విలువనే సవరించండి. వేగం, వ్యాసార్థం, టైమ్ గ్యాప్ మూడూ ఒకేసారి తిప్పితే ఏది ఎందుకు మారిందో తెలియకుండా పోతుంది.

నడిపేటప్పుడు వచ్చే చిక్కులు

కాల అడుగు, అంటే ప్రోగ్రాం ఒక్కోసారి ముందుకు జరిపే సమయం, 0.01 సెకను. ఖాళీ అయ్యేదాకా తిప్పే వలయానికి ఒక హద్దు పెట్టండి: 20 నిమిషాలంటే 1,20,000 అడుగులు. హద్దు లేకపోతే ఇరుక్కున్న ఒక్క మనిషి వల్ల రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. హద్దుకు వచ్చి ఆగితే మిగిలినవాళ్ల స్థానాలు చూడండి. సాధారణంగా వాళ్లు సన్నని సందులోనో, అడ్డంకి అంచు మీదనో ఉంటారు.

ఇరుకు తలుపు దగ్గర మనుషులు వంపులా బిగుసుకొని ఎవరూ కదలకపోవడం కనిపిస్తుంది. తోపులాటలో నిజంగానూ ఇలా జరుగుతుంది, హెల్బింగ్, ఫర్కాస్, విచెక్ అనే పరిశోధకులు 2000లో దీన్నే చూపారు, తొందరపడేకొద్దీ బయటపడటం ఆలస్యమవుతుందని. కానీ మీ సిమ్యులేషన్‌లో నిమిషాల తరబడి ఒక్కరూ దాటకపోతే అది మోడల్ చిక్కు. ఆ పరుగును, అంటే ఒకసారి నడిపిన ఆ సిమ్యులేషన్‌ను, తీసేయకుండా, అలాంటివి ఎన్ని వచ్చాయో లెక్క రాయండి. జనమంతా మూల మలుపు లోపలి అంచుకే అతుక్కుని వరుస కడితే, దారిలో ఒక మధ్య మజిలీ పెట్టండి.

ఒక్క పరుగు చూసి అంకె చెప్పవద్దు. స్థానాలు, వేగాలు, ఆలస్యాలు మారుస్తూ ప్రతి పరిస్థితినీ 50 సార్లు నడిపి, ప్రతిసారీ యాదృచ్ఛిక విత్తు అంకె (ఇష్టమొచ్చినట్టు అంకెలు పుట్టించడానికి ప్రోగ్రాంకు మొదట ఇచ్చే అంకె, ఇదే ఇస్తే అదే పరుగు మళ్లీ వస్తుంది) రాసిపెట్టండి. సమయాలను చిన్నది నుంచి పెద్దదాకా పేర్చి 48వదాన్ని తీసుకోండి. ఇవ్వాల్సిన అంకె అదే, సగటు కాదు.

ఫలితం చదవడం

మొత్తం సమయం కంటే ముందు తలుపు వారీగా ఎంతమంది దాటారో గీత గీయండి. ఒక గీత తొందరగా అడ్డంగా తిరిగి, ఇంకొకటి చివరిదాకా ఎక్కుతూనే ఉంటే పంపకం చెడిందని అర్థం. తర్వాత పెడ్‌పైతో తలుపు ముందు రెండు మీటర్ల చదరంలో సాంద్రత చూడండి. చదరపు మీటరుకు నలుగురు దాటి చాలాసేపు నిలిస్తే ఆ చోటు ప్రమాదకరం. ఆరుగురి దగ్గరికి పోతే మనిషికి ఊపిరి ఆడని ఒత్తిడి వచ్చే స్థితి. ఆ ఒత్తిడిని ఈ మోడల్ చూపదు, పడిపోవడాన్నీ చూపదు. వృత్తాలు ప్రశాంతంగా వరుసలో ఉన్నట్టు కనిపించినా నమ్మకండి.

పొగ తల ఎత్తుకు ఎంతసేపట్లో దిగుతుందన్నది వేరే లెక్క, దానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ఉచితంగా ఇచ్చే ఎఫ్‌డీఎస్ అనే మంటలు, పొగ లెక్కించే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ సమయంతో పోల్చేటప్పుడు నిప్పు గుర్తించడం, అలారం, కదిలే ఆలస్యం, నడక నాలుగూ కలిసిన సమయం పెట్టాలి. నడక ఒక్కదాన్నే పెడితే ఏ హాల్ అయినా భద్రంగానే కనిపిస్తుంది.

భోజనాలు పై అంతస్తులో ఉంటే

జూపెడ్‌సిమ్‌కు అంతస్తులు తెలియవు, నేలంతా ఒకే తలం. మెట్లను విప్పి పొడవాటి పట్టీగా పై హాల్‌కూ కింది హాల్‌కూ మధ్య గీయాలి. పొడవు ఏటవాలు వెంట కొలవాలి: 7 అంగుళాల ఎత్తు, 11 అంగుళాల వెడల్పు మెట్టుకు 0.33 మీటర్లు, 20 మెట్లకు 6.6. ఆ పట్టీలో ఉన్నంతసేపు మనిషి వేగాన్ని 0.77తో గుణించండి, బయటికి రాగానే మళ్లీ మామూలు చేయండి. ఇలాంటి మెట్లకు ఎస్‌ఎఫ్‌పీఈ గరిష్ఠ ప్రవాహం మీటరుకు సెకనుకు 1.01, తలుపు కంటే తక్కువ. అందుకే పైనుంచి వచ్చే వరుస తలుపు దగ్గర కాదు, మెట్ల మొదట్లోనే ఆగుతుంది. మెట్ల కింద కుర్చీలు, కూలర్లు పెట్టే అలవాటు ఉంటే ఆ వెడల్పు తగ్గించే గీయండి.

యజమానికి చూపేటప్పుడు రెండు వీడియోలు పక్కపక్కన పెట్టండి, ఒకటి ఇప్పుడున్న తీరు, ఒకటి మార్పు తర్వాత. మార్పులు ఖర్చు లేనివాటితో మొదలుపెట్టండి: రెండో రెక్క గొళ్లెం ఫంక్షన్ రోజున తీసి ఉంచడం, డెకరేషన్ బట్ట తలుపు మీదికి రాకుండా కట్టడం, కౌంటర్‌ను తలుపు నుంచి జరపడం, స్టేజీ ముందు నుంచి పక్క తలుపుకు రెండు మీటర్ల దారి వదలడం, అలారం మోగితే డీజే కరెంటు ఆగేలా కలపడం. ఒక్కో మార్పును విడిగా 50 సార్లు నడిపి, 48వ సమయం ఎంత తగ్గిందో దాని పక్కన రాయండి. నివేదిక చివర సాఫ్ట్‌వేర్ వెర్షన్, విత్తు అంకెలు, వేగాల పట్టిక, తలుపుల ఖాళీ వెడల్పులు, కొలిచిన తేదీ ఉండాలి. హాల్‌లో గోడ గానీ గేటు గానీ కౌంటర్ గానీ మారితే ఆ నివేదిక పక్కన పెట్టి మళ్లీ టేపు తీయాలి.